షార్ట్‌లిస్టుకీ ఆఫర్ లెటర్‌కీ మధ్య

ఇంగ్లండు ఆసుపత్రుల్లో పనిచేస్తున్న తెలుగు డాక్టర్లు, నర్సుల సమావేశంలో చేసిన ప్రసంగం ఇది. ఆ రోజు డ్యూటీలో ఉండి రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని టైపు చేశాం.

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకు రండి, ముందు వరుసలో కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. మన సభల్లో ముందు వరుస పెద్దలకని వదిలేస్తాం. ఇవాళ పెద్దలెవరూ రావడం లేదు, ధైర్యంగా కూర్చోండి.

ఒక ప్రశ్న అడుగుతాను, చేతులెత్తండి. మీ ఆసుపత్రిలో వర్ణవివక్ష ఉందా? నాలుగైదు చేతులు. సరే. ఇప్పుడు ఇంకో ప్రశ్న. మీ వార్డులో మొదటి జీతపు మెట్టు, బ్యాండ్ 5 నర్సుల్లో మన దేశంవాళ్ళు, ఫిలిప్పీన్స్ వాళ్ళు, ఆఫ్రికా వాళ్ళు ఎంతమంది? బ్యాండ్ 7లో ఎంతమంది? ఆ పైన, మేనేజర్లు కూర్చునే అంతస్తులో ఎంతమంది? నవ్వుతున్నారు. ఇందాక చెయ్యెత్తనివాళ్ళు కూడా నవ్వుతున్నారు.

మొదటి ప్రశ్న వినగానే మనం ఒక మొహం కోసం వెతుక్కుంటాం. తిట్టినవాడో, యాసని వెక్కిరించినవాడో. ఎవరూ గుర్తుకు రాకపోతే "మా దగ్గర అలాంటిదేం లేదండీ" అనేస్తాం. రెండో ప్రశ్నలో మొహం లేదు, లెక్క ఉంది. నేను మాట్లాడబోయేది ఆ లెక్క గురించి. దాన్ని కాదనడానికి సంస్థలు ఏమేం చెబుతాయి, కాదనలేనప్పుడు మద్దతు పేరుతో ఏమేం చేస్తాయి, ఆ రెంటికీ ఉన్న చుట్టరికం ఏమిటి, ఇదీ విషయం.

తిలాపాపం తలా పిడికెడు

సంస్థాగత వర్ణవివక్ష అనే మాట ఈ దేశంలో పేపరు చదివే ప్రతివాడికీ ఎలా తెలిసిందో చెబుతాను. 1993 ఏప్రిల్ 22 రాత్రి, ఆగ్నేయ లండన్‌లోని ఎల్తమ్‌లో, బస్సు కోసం చూస్తున్న స్టీఫెన్ లారెన్స్ అనే 18 ఏళ్ళ నల్లజాతి కుర్రాణ్ణి తెల్ల కుర్రాళ్ళ గుంపు పొడిచి చంపింది. పోలీసు దర్యాప్తు ఎంత అధ్వానంగా సాగిందంటే, ఇద్దరికి శిక్ష పడేసరికి 2012 వచ్చింది. ఆ దర్యాప్తు తీరు మీద విచారణ జరిపిన సర్ విలియం మెక్‌ఫర్సన్ 1999 ఫిబ్రవరిలో నివేదిక ఇచ్చారు. 70 సిఫారసులు చేశారు. వాటికంటే ఎక్కువగా నిలబడింది ఆయన ఇచ్చిన నిర్వచనం.

ఆ నిర్వచనం మన మాటల్లో చెబుతాను. ఒక సంస్థ మొత్తంగా, మనుషుల రంగు వల్లో, సంస్కృతి వల్లో, పుట్టుక వల్లో, వాళ్ళకి సరైన సేవ అందించలేకపోవడం. అది ఆ సంస్థ పద్ధతుల్లో, ధోరణిలో, నడవడిలో కనిపిస్తుంది. తెలియని పక్షపాతం, అజ్ఞానం, ఆలోచన లేకపోవడం, ఫలానావాళ్ళు ఇంతే అనే ముద్ర, ఇవి చాలు. "తెలియని" అన్నాడు చూడండి, ఆ మాట పట్టుకోండి. మళ్ళీ మళ్ళీ దాని దగ్గరికే వస్తాం.

మనకి దీనికి సామెత తయారుగా ఉంది. తిలాపాపం తలా పిడికెడు. ఉద్యోగ ప్రకటన రాసినవాడిది ఒక పిడికెడు. దరఖాస్తులు వడగట్టినవాడిది ఒక పిడికెడు. ప్యానెల్‌లో మార్కులు వేసినవాడిది ఒకటి, ఆ మార్కులు చూసి ఊరుకున్న హెచ్ఆర్‌ది ఒకటి. ఎవరి గుప్పిట విప్పినా పిడికెడే. అందుకే ఎవరికి వాళ్ళు "నేనేం చేశాను?" అంటారు. అబద్ధమేం కాదు, నిజంగానే వాళ్ళకి తెలీదు. కాకపోతే ఆ పిడికెళ్ళన్నీ వెళ్ళి ఒకే మనిషి నెత్తిన పడతాయి.

ఇక కాదనడంలో రకాలు. మొదటి రకం మీకందరికీ తెలిసిందే: "అలా చేసినవాడి పేరు చెప్పు, ఇప్పుడే చర్య తీసుకుంటాం." వినడానికి ఎంత గట్టిగా ఉంటుందో! పేరు చెప్పలేకపోతే ఫిర్యాదు లేనట్టే. అంటే లెక్క గురించి అడిగితే మొహం గురించి జవాబు చెబుతున్నారు.

రెండో రకం కొంచెం తెలివైనది. 2021 మార్చి 31న టోనీ స్యూయెల్ అధ్యక్షతన ప్రభుత్వం వేసిన కమిషన్ నివేదిక వచ్చింది. మైనారిటీలకు, అంటే తెల్లవాళ్ళు కానివాళ్ళకు, వ్యతిరేకంగా కావాలని పన్నిన వ్యవస్థ ఇప్పటి బ్రిటన్‌లో తమకు కనపడలేదు, తేడాలకు వర్గం, ప్రాంతం, కుటుంబం లాంటివి పెద్ద కారణాలు అన్నది దాని సారం. వర్గం, ప్రాంతం సంగతి కొట్టిపారేయలేం, అందులో నిజం ఉంది. పేద తెల్ల కుర్రాడి బాధ కూడా బాధే. కానీ "కావాలని" అనే మాట ఎక్కడినుంచి వచ్చింది? మెక్‌ఫర్సన్ చెప్పింది తెలియకుండా జరిగేదాని గురించి కదా. ఆయన అడగని రుజువు అడిగి, అది దొరకలేదని తీర్పు చెప్పడం ఇది. కోర్టులో అయితే వకీలు లేచి నిలబడతాడు.

మూడో రకం నాకు అన్నిటికంటే ఆసక్తిగా ఉంటుంది. విషయం ఒప్పుకుంటారు, మాట ఒప్పుకోరు. 2023 మార్చిలో బారొనెస్ కేసీ లండన్ మెట్రోపాలిటన్ పోలీసుల మీద నివేదిక ఇచ్చి, సంస్థాగతంగా వర్ణవివక్ష ఉందన్నారు, స్త్రీద్వేషం, స్వలింగ సంపర్కుల పట్ల ద్వేషం కూడా ఉన్నాయన్నారు. కమిషనర్ సర్ మార్క్ రౌలీ ఆ లోపాలన్నీ ఒప్పుకున్నారు. కానీ "సంస్థాగత" అనే మాట మాత్రం తాను వాడనన్నారు, అది రాజకీయమైపోయింది, ఒక్కొక్కరు ఒక్కో అర్థంలో వాడుతున్నారు అన్నారు. జ్వరం ఉంది, ఒళ్ళు కాలుతోంది, కానీ టైఫాయిడ్ అనే మాట వాడొద్దు. మీరు డాక్టర్లు కదా, చెప్పండి, రోగం పేరు రాయకుండా మందు ఎలా రాస్తారు?

1.59 అంటే ఏమిటి

ఇప్పుడు మన ఇంటి సంగతికి వద్దాం. ఇంగ్లండు ప్రభుత్వ ఆరోగ్య సేవ ఎన్‌హెచ్‌ఎస్‌లో 2015 నుంచి వర్క్‌ఫోర్స్ రేస్ ఈక్వాలిటీ స్టాండర్డ్ అని ఒకటి ఉంది. అందరూ రెస్ అంటారు. ఆసుపత్రుల్ని నడిపే ప్రతి ట్రస్టూ ఏటా తొమ్మిది సూచికల మీద లెక్క చెప్పాలి. ఏ బ్యాండులో ఎవరెంతమంది, ఉద్యోగాలు ఎవరికొచ్చాయి, క్రమశిక్షణ చర్యలు ఎవరి మీద, శిక్షణ అవకాశాలు ఎవరికి, వేధింపులు, వివక్ష, చివరికి బోర్డులో ఎవరున్నారు. 2023 లెక్క ప్రకారం మొత్తం సిబ్బందిలో 26.4 శాతం మైనారిటీలు. అత్యున్నత మేనేజర్లలో 11.2 శాతం. మేనేజరో, టీమ్ లీడరో, తోటి ఉద్యోగో తమపై వివక్ష చూపారని చెప్పినవాళ్ళు మైనారిటీల్లో 17 శాతం దాకా, తెల్లవాళ్ళలో 7 శాతం లోపు.

ఇవన్నీ పక్కన పెట్టి రెండో సూచిక ఒక్కటే చూద్దాం. షార్ట్‌లిస్టు అయినవాళ్ళలో తెల్లవాళ్ళకి ఉద్యోగం వచ్చే అవకాశం మైనారిటీలకంటే ఎన్ని రెట్లు? 2016లో 1.57. 2020లో 1.61. 2023లో 1.59. మధ్యలో కొంచెం అటూ ఇటూ ఊగినా, ఏడేళ్ళ తర్వాత మొదలైనచోటే ఉంది.

ఈ సంఖ్య అర్థం కావాలంటే ఒక ఊహాలెక్క వేసుకోండి. షార్ట్‌లిస్టులో వందమంది తెల్లవాళ్ళుంటే 32 మందికి ఉద్యోగం వచ్చిందనుకుందాం. వందమంది మైనారిటీల్లో 20 మందికి వస్తే నిష్పత్తి 1.6. ఆ తేడా పన్నెండుమంది. వాళ్ళకి చదువు లేదా? ఉంది. రిజిస్ట్రేషన్ లేదా? ఉంది. ఉద్యోగానికి తప్పనిసరి అని రాసిన అర్హతలన్నీ ఉన్నాయని ఆ ట్రస్టే సంతకం పెట్టి ఇంటర్వ్యూకి పిలిచింది. కాబట్టి "వాళ్ళకి అర్హత చాల్లేదండీ" అనే జవాబు ఇక్కడ చెల్లదు. "విదేశాలనుంచి వచ్చే దరఖాస్తులు లెక్కని పాడుచేస్తున్నాయి" అంటారు. న్యాయమైన ప్రశ్నే. అయితే లోపలివాళ్ళ పదోన్నతులు వేరు చేసి, బ్యాండు బ్యాండుకీ లెక్క తీసి చూపించమనండి. బ్యాండ్ 5నుంచి 6కి వెళ్ళే మెట్టు దగ్గర ఏం జరుగుతోందో చూపించమనండి. లెక్కని అనుమానించేవాళ్ళకి ఇంకా సన్నగా లెక్క తియ్యడానికి అభ్యంతరం ఉండకూడదు కదా. ఉంటుంది. చూడండి.

మరి ఆ పన్నెండుమంది ఎక్కడ జారిపోతున్నారు? ఒక బ్యాండ్ 6 పోస్టుని దగ్గరగా చూద్దాం. ఖాళీ వచ్చింది. ప్రకటన వెయ్యడానికి టైము పడుతుంది కాబట్టి ఆరు నెలలకి ఒకరిని తాత్కాలికంగా, యాక్టింగ్‌లో పెడతారు. ఎవరిని? మేనేజరుకి ఎవరిమీద గురి ఉంటే వాళ్ళని, కాఫీ తాగుతూ మాట్లాడుకునేవాళ్ళని. ప్రకటన లేదు, ఇంటర్వ్యూ లేదు, మార్కులు లేవు. ఆరు నెలల తర్వాత ప్రకటన వస్తుంది. అర్హతల పట్టికలో "బృందాన్ని నడిపిన అనుభవం, తప్పనిసరి" అని ఉంటుంది. ఆ అనుభవం ఎవరికుంది? యాక్టింగ్‌లో ఉన్నవాళ్ళకే. అసలు ఎంపిక ఆరు నెలల క్రితమే అయిపోయింది. ఇప్పుడు జరుగుతున్నది ఇంటర్వ్యూ కాదు, గృహప్రవేశం.

తర్వాత ప్యానెల్. ముగ్గురుంటారు. ఒక్కొక్కరు విడిగా మార్కులు వేసి, ఆ తర్వాత మాట్లాడుకోవాలి. చాలాచోట్ల జరిగేదేమిటి? అభ్యర్థి గది దాటగానే సీనియరు "బాగా చెప్పింది కదూ" అంటారు. అంతే, మిగతా ఇద్దరి పెన్నులూ అటే వంగుతాయి. మార్కుల కాగితంలో "టీమ్‌లో ఇమిడిపోతుంది" అనే గడి ఒకటి ఉంటుంది. ఆ గడిని కొలిచే గజంబద్ద ఎవరి దగ్గరుంది? ఎవరి దగ్గరా లేదు. మనలాగే మాట్లాడేవాళ్ళు, మన జోకులకి నవ్వేవాళ్ళు ఇమిడిపోతారు. తల దించుకుని "మా టీమ్ అంతా కలిసి చేశాం" అని చెప్పడం మన పెంపకంలో మర్యాద. ఆ కాగితం మీద అది ఒక మార్కు తక్కువ.

ప్యానెల్‌లో మైనారిటీ సభ్యుణ్ణి పెట్టాలి అనే నియమం చాలా ట్రస్టులు పెట్టుకున్నాయి. మంచిదే. కానీ ఆ సభ్యుణ్ణి ముందురోజు సాయంత్రం పిలిస్తే? ఛైర్మన్‌కంటే రెండు బ్యాండులు కింద ఉన్నవాణ్ణి పిలిస్తే? అర్హతల పట్టిక తయారీలో లేనివాణ్ణి, మార్కులు చివర్లో చెప్పేవాణ్ణి పిలిస్తే? అతను అక్కడ దిష్టిబొమ్మ. ఫోటోకి పనికొస్తాడు. నిష్పత్తి కదలదు. రేపు ఎవరైనా అడిగితే "ప్యానెల్‌లో మీవాళ్ళే ఉన్నారుగా" అనడానికి కూడా పనికొస్తాడు.

పద్ధతి మారిస్తే ఫలితం మారుతుందనడానికి పాత సాక్ష్యమే ఉంది. 2009లో ఇక్కడి పని, పింఛన్ల శాఖ ఒక పరీక్ష చేయించింది. 987 ఖాళీలకి, అర్హతలు సమానంగా ఉన్న దరఖాస్తులు, పేర్లు మాత్రం మార్చి పంపారు. తెల్లపేరున్నవాడికి తొమ్మిది దరఖాస్తులకి ఒక మంచి జవాబు వస్తే, మైనారిటీ పేరున్నవాడికి పదహారు పంపాల్సివచ్చింది. ఇంటిపేరు, పేరు, తండ్రిపేరు అన్నీ కలిపి రాసుకునే మన సంగతి ఇక చెప్పక్కర్లేదు. అయితే చాలామంది గుర్తుపెట్టుకోని ముక్క ఇంకొకటి ఆ నివేదికలోనే ఉంది. సీవీ బదులు సంస్థ తన సొంత దరఖాస్తు ఫారం వాడినచోట ఆ తేడా దాదాపు మాయమైంది. మనుషులు అక్కడా అలాంటి మనుషులే. మారింది ఫారం.

ఇదే మాట క్రమశిక్షణ చర్యల్లోనూ నిజం. రెస్ మూడో సూచిక అది. 2016లో మైనారిటీ సిబ్బంది మీద విచారణ మొదలయ్యే అవకాశం తెల్లవాళ్ళకంటే 1.56 రెట్లు. 2020కి 1.16. 2023కి 1.03. ఉద్యోగాల లెక్క రాయిలా కూర్చుంటే ఈ లెక్క ఎందుకు దిగింది? అందరూ ఒక్కసారిగా మంచివాళ్ళైపోయారా? చాలా ట్రస్టుల్లో మధ్యలో ఒక గేటు పెట్టారు. మేనేజరు నేరుగా విచారణ మొదలుపెట్టడానికి లేదు. ముందు ప్రశ్నల పట్టిక నింపాలి. కావాలని చేశారా? ఆరోగ్య సమస్య ఉందా? అదే అనుభవం ఉన్న ఇంకొకరు అదే పరిస్థితిలో ఉంటే అలాగే చేసేవారా? శిక్షణ ఇచ్చామా? అది నింపాక, ఆ వార్డుతో సంబంధం లేని ఒక పెద్ద అధికారి చూసి సరే అనాలి. చాలా కేసులు ఆ గేటు దగ్గరే ఆగిపోయి "కూర్చుని మాట్లాడుకుందాం"గా మారాయి. దేశం సగటు దిగింది అంటే ప్రతి ట్రస్టులోనూ దిగిందని కాదు, అది కూడా గుర్తుంచుకోండి.

ఇక్కడ ఒక తమాషా ఉంది. మన మీద విచారణలు ఎందుకు ఎక్కువగా ఉండేవి? మనల్ని ద్వేషించేవాళ్ళు ఎక్కువై కాదు. 2019లో డాక్టర్లకి రిజిస్ట్రేషన్ ఇచ్చే జనరల్ మెడికల్ కౌన్సిల్ చేయించిన పరిశీలన ఇది. మైనారిటీ డాక్టర్ల మీద యజమానులు కౌన్సిల్‌కి ఫిర్యాదు చేసే రేటు తెల్ల డాక్టర్లకంటే రెట్టింపు. బయట దేశాల్లో చదివొచ్చినవాళ్ళ మీద, ఇక్కడ చదివినవాళ్ళతో పోలిస్తే రెండున్నర రెట్లు. కారణాల్లో ముఖ్యమైనది ఏమిటంటే, చిన్న తప్పు జరిగినప్పుడు ముఖాముఖి చెప్పడానికి మేనేజర్లు జంకుతారు. "ఏమైనా అంటే జాతి పేరు ఎత్తుతాడేమో" అని నవ్వి ఊరుకుంటారు. తన రంగువాడైతే కారిడార్‌లో ఆపి "ఒరేయ్, అలా చెయ్యకు" అంటారు, అక్కడితో అయిపోతుంది. మనకి చెప్పరు. ఆరు నెలలు పోగుచేసి ఒకరోజు ఫైలు చేతికిస్తారు. మర్యాదే మెడకి చుట్టుకుంటుంది. దానికి తోడు మనవాళ్ళు శిక్షణ లేని ట్రస్ట్ గ్రేడు పోస్టులోనో, బదులు డ్యూటీలు చేసే లోకమ్‌గానో, సరైన ఇండక్షన్ లేకుండా, వెనకేసుకొచ్చే సీనియరు లేకుండా పనిచేస్తుంటారు. ఈ తేడాని 2026కల్లా లేకుండా చేస్తామని కౌన్సిల్ గడువు పెట్టుకుంది. ఆ గడువుని మీరు కూడా క్యాలెండర్‌లో పెట్టుకోండి.

నేతిబీరకాయ

ఇప్పుడు మద్దతు సంగతి. 2020 మే 25న అమెరికాలోని మినియాపొలిస్‌లో జార్జ్ ఫ్లాయిడ్ అనే నల్లజాతి మనిషిని పోలీసు చంపాడు. జూన్ 2న సోషల్ మీడియా అంతా నల్ల చతురస్రాలు. కంపెనీలు, ఆసుపత్రులు, బ్యాంకులు, అందరూ పెట్టారు. ఆ వసంతంలోనే ఇక్కడ గురువారం గురువారం రాత్రి ఎనిమిదింటికి గుమ్మాల్లో నిలబడి చప్పట్లు కొట్టారు. ఏప్రిల్‌లో కోవిడ్‌తో చనిపోయినట్టు పేర్లు బయటికొచ్చిన మొదటి పదిమంది డాక్టర్లూ మైనారిటీలే. చప్పట్లు తప్పని నేను అనను. మాస్కు సరిగ్గా పట్టని మొహానికి ఆ చప్పట్లు ఏ కొలతలో సరిపోతాయి అని మాత్రం అడుగుతాను.

మొక్కుబడి మద్దతుని గుర్తుపట్టడం కష్టం కాదు. అది చేసేవాడికి ఏమీ ఖర్చు కాదు. బ్యాడ్జి పెట్టుకోవచ్చు, ప్రతిజ్ఞ పత్రం మీద సంతకం పెట్టొచ్చు, అక్టోబరులో బ్లాక్ హిస్టరీ నెలకి సమోసాలు తెప్పించవచ్చు. సమోసాలకి నేను వ్యతిరేకం కాదు, తప్పుగా అనుకోకండి. కానీ నవంబరు ఒకటిన యాక్టింగ్ పోస్టు మళ్ళీ కాఫీ కప్పు దగ్గరే నిర్ణయమైతే, ఆ అక్టోబరు నేతిబీరకాయే. పేరులోనే నెయ్యి.

ఇంకో ఆనవాలు చెప్పనా? మీటింగులో మీ మాటని ఒకరు తోసిపుచ్చారు. పదినిమిషాల తర్వాత అదే మాట ఇంకొకరు చెబితే అందరూ తల ఊపారు. గదిలో అందరూ చూశారు. మీటింగు అయ్యాక లిఫ్టు దగ్గర ఒకావిడ మీ భుజం మీద చెయ్యేసి "చాలా దారుణం, నాకెంతో బాధేసింది" అంటారు. గదిలో మౌనం, లిఫ్టు దగ్గర ఓదార్పు. ఆవిడ చెడ్డమనిషి కాదు. కానీ ఆ మాట గదిలో అనివుంటే మినిట్స్‌లో, అంటే మీటింగు రికార్డులో, పడేది. లిఫ్టులకి మినిట్స్ ఉండవు. అలాంటప్పుడు మీరు అడగాల్సింది ఒక్కటే: "మీరు చూసింది ఈ సాయంత్రం నాకు రెండు వాక్యాల్లో ఈమెయిలు చేస్తారా?" చేస్తే మనిషి మీతో ఉన్నట్టు. చెయ్యకపోతే ఓదార్పు తీసుకుని వెళ్ళిపోండి, కోపం పెట్టుకోకండి.

శిక్షణల సంగతి కూడా చెప్పాలి. తెలియని పక్షపాతం మీద అరగంట ఆన్‌లైన్ కోర్సు, చివర పది ప్రశ్నలు, సర్టిఫికెట్. ఇది ప్రవర్తనని మారుస్తుందనడానికి ఆధారం చాలదని, ప్రభుత్వమే 2020 డిసెంబరులో సివిల్ సర్వీసులో దాన్ని ఆపేస్తామంది. 2021లో ఉపాధి అప్పీలు ట్రైబ్యునల్ ముందుకి ఒక కేసు వచ్చింది. భారత సంతతి ఉద్యోగిని ఒక సహోద్యోగి జాతి పేరుతో జోకులేసి వేధించాడు. మేం శిక్షణ ఇచ్చామండీ, మా బాధ్యత లేదు అంది కంపెనీ. ఆ శిక్షణ పాచిపోయింది అంది ట్రైబ్యునల్. ఆ జోకులు మేనేజర్ల చెవిన పడ్డా వాళ్ళు కదల్లేదు కాబట్టి, శిక్షణ ఒంటికి పట్టలేదని అక్కడే తెలిసిపోతోంది కదా. పాచి అన్నం వడ్డించి భోజనం పెట్టామంటే చెల్లదు.

చుట్టరికం అన్నాను కదా, అది ఇదే. "మా దగ్గర లేదు" అనేవాడూ, బ్యాడ్జి పెట్టుకునేవాడూ ఇద్దరూ ఒకచోట కలుస్తారు. ఇద్దరూ విషయాన్ని మనసులకి సంబంధించిందిగా చూస్తారు. నా మనసు మంచిది కాబట్టి వివక్ష లేదు అంటాడు ఒకడు. నా మనసు మంచిదని చూపించడానికి బ్యాడ్జి అంటాడు ఇంకొకడు. ఫారం ఇద్దరి చేతిలోనూ అలాగే ఉంటుంది.

మీకే జరిగితే ఏం చెయ్యాలో కొంచెం గబగబా చెబుతాను, రాసుకోండి. జరిగిన రోజే రాసిపెట్టుకోండి: తేదీ, టైము, ఎవరున్నారు, అన్నమాట అన్నట్టుగా. "అవమానించింది" అని రాస్తే పనికిరాదు, ఏమందో రాయండి. రోగుల వివరాలు మాత్రం సొంత ఫోనులోకి, సొంత ఈమెయిలుకి పంపుకోకండి. మంచి కేసులు అక్కడే పాడవుతాయి, ఎదురు కేసు మీమీదే పడుతుంది. ఇంటర్వ్యూలో రాకపోతే మార్కుల కాగితం అడగండి. ఇవ్వకపోతే మీ సమాచారం కోసం సబ్జెక్ట్ యాక్సెస్ రిక్వెస్ట్ పెట్టండి, మామూలుగా ఒక నెలలో జవాబివ్వాలి. యూనియన్‌లో గొడవ రాకముందే చేరండి. ఇల్లు అంటుకున్నాక బావి తవ్వినట్టు, అప్పుడు చేరితే పాత కేసుకి సాయం దొరకదు.

అన్నిటికంటే ముఖ్యమైనది గడువు. ఉద్యోగ తగాదాలు వినే ట్రైబ్యునల్‌కి వెళ్ళాలంటే ఇన్నేళ్ళుగా ఉన్నది మూడు నెలలకి ఒక రోజు తక్కువ. దాన్ని ఆరు నెలలకి పెంచడానికి 2025లో చట్టం చేసినా, మీరు మూడు నెలలనే లెక్కలో పెట్టుకోండి. వెళ్ళేముందు ఉద్యోగ తగాదాల్లో రాజీ కుదిర్చే సంస్థ ఏకాస్‌కి తెలియజెయ్యాలి, అది చేస్తేనే గడియారం ఆగుతుంది. సంస్థ లోపల గ్రీవెన్స్, అంటే ఫిర్యాదు, పెడితే ఆగదు. ఎంతమంది ఇక్కడ దెబ్బతిన్నారో! "గ్రీవెన్స్ తేలనివ్వండి, తర్వాత చూద్దాం" అని మర్యాదగా చెబుతారు, అది తేలేసరికి నాలుగు నెలలు. ఇంకొకటి. 2010 సమానత్వ చట్టంలో 136వ సెక్షన్ ఉంది. వివక్ష జరిగివుండవచ్చు అనిపించే వాస్తవాలు మీరు చూపించగలిగితే, కాదని రుజువు చేసుకోవాల్సిన భారం యజమాని మీద పడుతుంది. ఎదుటివాడి మనసులో ఏముందో మీరు నిరూపించక్కర్లేదు. 27వ సెక్షన్ ప్రకారం ఫిర్యాదు చేసినందుకు కక్ష తీర్చుకోవడం కూడా విడిగా చట్టవిరుద్ధమే, అంటే దాని మీద వేరే కేసు వెయ్యొచ్చు. ఫిర్యాదు తర్వాత రోస్టరు ఎలా మారిందో కూడా రాసిపెట్టుకోండి.

ఇక మన వైపు. ఇది చెప్పకపోతే నేను కూడా బ్యాడ్జి పెట్టుకుని వచ్చినట్టే. ఇక్కడ ముప్పై ఏళ్ళుగా ఉన్న సీనియర్లలో ఒక మాట వింటుంటాను: "మేం కష్టపడి పైకొచ్చాం, మాకేం అడ్డు రాలేదు." పైకొచ్చినవాణ్ణి చూపించి నిచ్చెన బాగానే ఉందనడం ఇది. పడిపోయినవాళ్ళు ఈ సభకి రారు కదా. ఇప్పుడు ప్యానెళ్ళలో మీరే కూర్చుంటున్నారు. నైజీరియా నర్సు విషయంలో మీ పెన్ను ఎటు వంగుతోంది?

"మా ఆఫీసులో కులం లేదు" అంటాం మనం. తెల్లవాడు "నాకు రంగు కనపడదు" అన్నట్టే, అచ్చు అలాగే. పరిచయమైన రెండో నిమిషంలో ఊరు, మూడో నిమిషంలో ఇంటిపేరు, నాలుగో నిమిషంలో "ఓహో, ఫలానావాళ్ళకి ఏమవుతారు?" ఇదంతా ఊరికే అడుగుతున్నామా? ఫ్లాటు అద్దెకిచ్చేటప్పుడు, లోకమ్ షిఫ్టు ఎవరికో ఒకరికి చెప్పేటప్పుడు ఆ జవాబులు గుర్తుకురావడం లేదా? ఈ దేశంలో కులాన్ని చట్టంలో పేరుపెట్టి చేర్చే ప్రతిపాదనని ప్రభుత్వం 2018 జులైలో వదిలేసింది, కోర్టు తీర్పులు చాలంది. అమెరికాలో సియాటిల్ నగరం 2023 ఫిబ్రవరిలో కులవివక్ష మీద నిషేధం తెచ్చింది. కాలిఫోర్నియాలో అలాంటి బిల్లునే అదే ఏడాది అక్టోబరులో గవర్నరు తిప్పి పంపారు. ఆ బిల్లుని వ్యతిరేకించినవాళ్ళ వాదనలు ఒకసారి చదవండి. ఉన్న చట్టాలు చాలు, మనలో లేనిది ఉన్నట్టు చూపిస్తున్నారు, మాకు చెడ్డపేరొస్తుంది. ఇందాక మనం నవ్విన వాదనలే. భాష కూడా మారలేదు.

చీటీలు వచ్చాయి. టీ ముందు ఒకటి చూస్తాను. "మా ట్రస్టు లెక్క ఎక్కడ దొరుకుతుంది?" మంచి ప్రశ్న. ట్రస్టు వెబ్‌సైటులో వెతకండి, వర్క్‌ఫోర్స్ రేస్ ఈక్వాలిటీ స్టాండర్డ్ అని కొట్టి పక్కన సంవత్సరం వెయ్యండి. మార్చి 31 నాటి లెక్క ఉంటుంది. ఒక్క ఏడాదిది చూస్తే ఏమీ తెలీదు, మూడేళ్ళవి పక్కపక్కన తెరవండి. ముందు రెండో సూచిక చూడండి. తర్వాత చివరి పేజీల్లో కార్యాచరణ పట్టిక ఉంటుంది, అందులో "పూర్తయింది" అని పచ్చరంగు వేసిన గడులు చూడండి. మూడేళ్ళూ గడులు పచ్చగా ఉండి నిష్పత్తి అక్కడే ఉంటే, ఆ మూడు కాగితాలూ ప్రింటు తీసి వచ్చే బోర్డు మీటింగుకి పట్టుకెళ్ళండి. అవి బహిరంగంగానే జరుగుతాయి, ప్రశ్న ముందే రాసి పంపితే చాలాచోట్ల చదువుతారు. రెండో చీటీ మార్కుల కాగితం గురించి, అది కొంచెం పెద్ద జవాబు. టీ తాగి వచ్చాక చూద్దాం.